డోర్ వైజర్లు ఊడదీయాలి, పెయింటు పోకుండా దారి చెప్పండి

హంద్రీ గట్టు (కర్నూలు)

సభ్యులకు నమస్కారం. మాది 2015 మోడల్ ఎర్రరంగు హ్యాచ్‌బ్యాక్. కారు ఇంటికి వచ్చిన వారానికే నాలుగు తలుపులకూ పొగరంగు వైజర్లు (కిటికీ అద్దం పైభాగాన వానకు, ఎండకు అడ్డుగా అతికించే పట్టీలు) పెట్టించుకున్నాము. స్క్రూలు లేవు, అంతా డబుల్ సైడ్ టేపు మీదే నిలిచింది. ఇన్ని కర్నూలు వేసవులను ఓర్చుకున్నాయి కానీ, ఇప్పుడు ఎడమ ముందు తలుపు వైజరు ముందు కొస రెండంగుళాల మేర లేచిపోయింది. హైవే ఎక్కి 80 దాటితే చాలు, ఆ సందులో ఈల మొదలవుతుంది. డోన్ దాకా వెళ్లి వచ్చేసరికి తల దిమ్మెక్కిపోతోంది.

నిన్న ఊళ్లోనే ఒక యాక్సెసరీస్ షాపుకు తీసుకువెళ్లాను. అక్కడి కుర్రవాడు ముందూ వెనకా చూడకుండా లేచిన కొసలో నాలుగు వేళ్లు దూర్చి ఒక్క గుంజు గుంజాడు. ఫట్‌మని చప్పుడైంది. విరిగింది వైజరే కాబట్టి సరిపోయింది. అక్కడితో ఆపించి ఇంటికి వచ్చేశాను. నాలుగింటినీ నేనే తీసుకోవాలని నిశ్చయించుకున్నాను.

నన్ను భయపెడుతున్న విషయం మరొకటి ఉంది. నాలుగేళ్ల క్రితం మా వీధి గేటు ఒరుసుకుని ఎడమ వెనక తలుపు గీసుకుపోతే లప్పం పెట్టించి, తలుపంతా రంగు వేయించి, తీసిన వైజరును కొత్త టేపుతో మళ్లీ అతికించారు. ఆ తలుపు దగ్గర టేపుతో పాటు రంగు కూడా లేచి వస్తుందేమో అని అనుమానంగా ఉంది. ఈ పని స్వయంగా చేసినవారు ఎలా చేశారో, ఏ పొరపాటు చేశారో చెప్పగలరు.

గుత్తి కోట (అనంతపురం)

గుంజవద్దు. వెచ్చచేసి, గాలం దారంతో కోయండి. మిగతాది పెద్దలు వివరంగా చెబుతారు.

బుగ్గవంక (కడప)

హంద్రీ గట్టు గారికి. నాకు చిన్న టింకరింగ్, పెయింటింగ్ షెడ్డు ఉంది. నెలకు రెండు మూడు కార్లకైనా ఈ వైజర్లు తీయవలసి వస్తుంది కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

ముందుగా ఆ టేపు సంగతి తెలుసుకోవాలి. అది స్టేషనరీ దుకాణంలో దొరికే తెల్లటి స్పాంజి టేపు లాంటిది కాదు. మధ్యలో మెత్తటి అక్రిలిక్ నురుగు పొర, దానికి రెండు వైపులా జిగురు ఉంటాయి. దాన్ని నిలువుగా లాగితే చాలా బలంగా పట్టుకుంటుంది, కానీ మధ్యలోని నురుగును రంపం కోసినట్టు అడ్డంగా కోస్తే సులువుగా తెగుతుంది. అందుకే గుంజినవాడి చేతిలో వైజరు ముక్కలవుతుంది, లేదా పెయింటు పెచ్చు లేస్తుంది. కోసినవాడికి రెండూ క్షేమంగా దక్కుతాయి. నురుగు సగం వైజరు మీద, సగం తలుపు మీద ఉండిపోతుంది. ఆ మిగిలినదాన్ని తరువాత తీరికగా తీసుకోవచ్చు.

గాలం దారం అంటే ఒంటిపోగు నైలాన్ దారం. అర మిల్లీమీటరు మందం ఉన్నది తీసుకోండి. అద్దాన్ని పూర్తిగా కిందికి దించండి. వైజరు పై అంచు ఒక్కటే తలుపు ఫ్రేముకు అతుక్కుని ఉంటుంది, కింది అంచు అద్దం ఖాళీ మీదికి వేలాడుతుంది. కాబట్టి దారం ఒక కొస పై నుంచి మీ కుడిచేతిలో, రెండో కొస వైజరు కింది నుంచి మీ ఎడమచేతిలో ఉండాలి. రెండు కొసలనూ పెన్సిలు ముక్కలకు చుట్టుకోండి, లేకపోతే పావుగంటలో వేళ్లు కోసుకుపోతాయి. వైజరు వెనక కొస దగ్గర దారాన్ని సందులోకి దూర్చి, ముందుకూ వెనక్కూ ఆడిస్తూ పోవాలి. దారం ఎప్పుడూ వైజరు వైపే ఒరగాలి, పెయింటు వైపు కాదు. ఈ ఒక్క మాట గుర్తుంటే చాలు.

వేడి విషయానికి వస్తే, ఇంట్లో జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరు చాలు. ఒక జానెడు మేర రెండు మూడు నిమిషాలు ఊదితే, అక్కడ అరచెయ్యి ఆనించినప్పుడు రెండు క్షణాలు ఓర్చుకోగలిగి, మూడో క్షణానికి తీసేయాలనిపించాలి. అంతకు మించి అక్కరలేదు. ఆ జానెడు కోసి, తరువాతి జానెడు వెచ్చచేసుకోండి.

నల్లరేగడి (కర్నూలు)

దారం గాలం దారమే కావాలా? సంక్రాంతికి పిల్లలు తెచ్చిన మాంజా ఇంట్లో రెండు ఉండలు ఉంది. అది ఇంకా పదునుగా కోస్తుంది కదా?

బుగ్గవంక (కడప)

పొరపాటున కూడా వద్దు. మాంజాకు గాజుపొడి పట్టించి ఉంటుంది, అది క్లియర్ కోటును, అంటే రంగు మీద ఉండే పారదర్శకమైన పొరను, సన్నటి రంపంలా కోసేస్తుంది. కంపెనీ వేసిన రంగుపొరలన్నీ కలిపినా సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఆరో వంతు కూడా ఉండదు. అందులో పైన ఉన్న క్లియర్ కోటు వాటా సగానికన్నా తక్కువే. ఇక ఆ గాజు మాంజా, చైనా మాంజా అనేవి నిషేధించినవి. కారుకే కాదు, ఇంట్లో ఉంచుకోవడానికి కూడా అవి తగవు.

గిటారు తీగ వాడినవారిని కూడా చూశాను. తీగ తెగదన్నది నిజమే కానీ, ఒక్కసారి జారిందంటే ఆ గీత పాలిష్‌కు పోదు.

పూలదారం (అనంతపురం)

నా పేరులో ఉన్న దారం ఈ పనికి పనికిరాదని ముందే చెబుతున్నాను. పూలు కట్టే నూలుదారం వెచ్చటి జిగురులో నాలుగు సార్లు ఆడించేసరికి తెగిపోతుంది. పళ్ల సందులు శుభ్రం చేసుకోవడానికి మందుల షాపుల్లో అమ్మే ఫ్లాస్ దారం పనిచేస్తుంది, ముఖ్యంగా మైనం పట్టించిన రకం బాగా జారుతుంది. కానీ ఒక్కొక్క వైజరుకు నాలుగైదు బారలు ఖర్చవుతుంది. గాలం దారమే చవక.

పెన్నా ఇసుక (అనంతపురం)

నా సందేహం వేరు. మన జిల్లాలో ఏడాది మొత్తం కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. దానికి రెయిన్ వైజర్లు ఎందుకు పెట్టించుకున్నామో నాకు ఈ రోజుకూ అర్థం కాలేదు. నా కారుకు కూడా ఉన్నాయి.

గుత్తి కోట (అనంతపురం)

వానకు కాదండీ, ఎండకు. కారు ఎండలో నిలిపినప్పుడు అద్దాలు వేలెడంత దించి పెట్టినా బయటికి కనపడదు, లోపలి వేడిగాలి పోతుంది. మా నాన్నగారు అందుకే పెట్టించారు. అయితే ముందు తలుపు వైజరు మూల, సైడు అద్దంలో చూసేటప్పుడు కంటికి అడ్డు వస్తుంది. నేను తీసేసింది ఆ కారణంగానే.

ప్రస్తుత విషయానికి వస్తాను. బుగ్గవంక గారు డ్రయ్యరు అన్నారు కానీ, ఇది మే నెల. మధ్యాహ్నం రెండింటికి ఎర్రకారును ఎండలో పెడితే తలుపు మీద చెయ్యి ఆనించలేము. కరెంటు ఖర్చు లేకుండా సూర్యుడే పని చేసిపెడతాడు. నేను అలాగే రెండు వైజర్లు తీశాను.

బుగ్గవంక (కడప)

ఎండను వాడుకోమనే నేనూ అంటాను, కానీ ఎండలో నిలబడి కోయమనను. దానికి కారణం ఉంది. నురుగు మరీ వేడెక్కితే పాకంలా సాగుతుంది. దారం వెంట తీగలు తీగలుగా వచ్చి పెయింటు మీద పూసుకుంటుంది, తరువాత ఆ జిగురు తీయడం రెండింతల పని. పైగా మిగిలిన జిగురు తీయడానికి ఎండలో టర్పెంటాయిల్ పూస్తే పని చేయకముందే ఆరిపోతుంది. కారును ఒంటిగంట నుంచి మూడున్నర దాకా ఎండలో ఉంచి, తరువాత నీడకు తెచ్చి, తలుపు వెచ్చగా ఉండగానే కోయండి. చల్లబడిన చోట మాత్రం డ్రయ్యరు పట్టండి. వేడెక్కిన అద్దం మీద చన్నీళ్లు చల్లకండి.

తాడిపత్రి బండ (అనంతపురం)

నా పొరపాటు రాస్తాను, ఎవరికైనా ఉపయోగపడుతుంది. డ్రయ్యరుతో ఆలస్యమవుతోందని, తెలిసిన వడ్రంగి దగ్గర హీట్ గన్ తెచ్చుకున్నాను. దాని ముక్కు దగ్గర వేడి 300 డిగ్రీలు దాటుతుందని అప్పటికి నాకు తెలియదు. వైజరు అక్రిలిక్‌తో చేసింది, వంద డిగ్రీల ప్రాంతంలోనే మెత్తబడుతుంది. చూస్తుండగానే వైజరు మామిడి తొక్కలా ముడుచుకుపోయింది. అది ఎలాగూ పారేసేదే కాబట్టి బాధపడలేదు. కానీ రెండు తలుపుల నడుమ కంబం మీద నల్లటి స్టిక్కరు ఉంటుంది చూశారా, అది బుడగలు లేచి అంచుల దగ్గర ముడతలు పడింది. చాలా కార్లలో ఆ నలుపు రంగు కాదు, స్టిక్కరే అని ఆ రోజు తెలిసింది. కొత్త స్టిక్కరు తెప్పించి వేయించడానికి పెట్టిన ఖర్చుతో రెండు జతల కొత్త వైజర్లు వచ్చేవి.

వేడి పట్టేటప్పుడు ఆ కంబం మీద తడిగుడ్డ కప్పుకోండి.

హంద్రీ గట్టు (కర్నూలు)

అందరికీ ధన్యవాదాలు. ఈ రోజు శనివారం కావడంతో కుడి వెనక తలుపుతో మొదలుపెట్టాను. అది కంపెనీ రంగు, ఎప్పుడూ దెబ్బ తగలలేదు, కాబట్టి చేయి అలవాటు చేసుకోవడానికి అదే మంచిదనుకున్నాను.

గాలం దారం దొరకడానికి ఇబ్బంది లేదు, తుంగభద్ర ఒడ్డున ఉన్న ఊరు కదా. మూడున్నరకు కారును వేపచెట్టు కిందికి తెచ్చి, మా అబ్బాయిని లోపల కూర్చోబెట్టి, దారం ఒక కొస వాడికి, ఒక కొస నాకు పెట్టుకున్నాము. మొదటి జానెడు తెగడానికి పది నిమిషాలు పట్టింది. ఎందుకా అని చూస్తే, ఇద్దరమూ ఒకేసారి గట్టిగా లాగుతున్నాము. వాడిని వదులుగా పట్టుకోమని, నేను లాగినప్పుడు వాడు వదలడం, వాడు లాగినప్పుడు నేను వదలడం మొదలుపెట్టాక, దారం గరగరమని చిన్న చప్పుడు చేస్తూ ముందుకు సాగింది. ఆ చప్పుడు ఆగిందంటే నురుగు చల్లబడిందని అర్థం. అప్పుడు మళ్లీ డ్రయ్యరు పట్టడమే.

సగం దాకా వచ్చాక దారం దేనికో తగులుకుని ఆగిపోయింది. ఎంత ఆడించినా కదలలేదు. రెండుసార్లు తెగింది కూడా. వైజరును కొద్దిగా ఎత్తి టార్చి వేసి చూస్తే ఏదో తెల్లగా మెరుస్తోంది. ఏమిటది? టేపు ఒక్కటే అనుకున్నాను.

బుగ్గవంక (కడప)

క్లిప్పు. మొదట్లోనే చెప్పవలసింది, మరిచాను, తప్పు నాదే. షోరూములో కారుతో పాటు పెట్టించిన వైజర్లకు టేపుతో పాటు ఒకటి రెండు చిన్న రేకు క్లిప్పులు కూడా ఉంటాయి. అవి అద్దం జారే రబ్బరు బీడింగు లోపలికి దూరి, వైజరు అంచును పట్టుకుంటాయి. బీడింగును వేలితో కిందికి లాగి చూస్తే క్లిప్పు తోక కనపడుతుంది. స్క్రూడ్రైవరుతో తవ్వకండి, పాత ఏటీఎం కార్డు దూర్చి పక్కకు జరపండి, జారి వస్తుంది. క్లిప్పులన్నీ తీశాకే మళ్లీ దారం పట్టండి.

హంద్రీ గట్టు (కర్నూలు)

వచ్చింది. రెండు క్లిప్పులు ఉన్నాయి. ఒకటి తుప్పు పట్టి, బీడింగు మీద ఇటుకరంగు మరక వదిలింది. ఆ తరువాత మిగిలిన సగం ఐదు నిమిషాల్లో తెగి, వైజరు మా అబ్బాయి ఒళ్లో పడింది.

వైజరు వెనక దృశ్యం మాత్రం చూడవలసిందే. పదేళ్ల ఎర్రమట్టి పై అంచు వెంబడి గట్టిపడి, నడుమ చీమలు కట్టుకున్న చిన్న గూడు కూడా కనపడింది. టేపు ఉన్నంత మేర బూడిదరంగు నురుగు తలుపు మీద మిగిలింది, గోటితో గీకితే కదలడం లేదు. దీన్ని ఏమి చేయాలి? థిన్నరు పెడితే ఒక్క తుడుపుతో పోతుందని పక్కింటివారు అంటున్నారు.

నల్లరేగడి (కర్నూలు)

పెట్రోలు పెట్టండి, ఇంకా తొందరగా పోతుంది.

గుత్తి కోట (అనంతపురం)

పక్కన డ్రయ్యరు వేడిగా ఉంది, కారు వేడిగా ఉంది, ఎండ 42 డిగ్రీలు. ఆ మధ్యలో పెట్రోలు గుడ్డ. నల్లరేగడి గారూ, మీ సలహాలను నేను జాగ్రత్తగా దాచుకుంటున్నాను, వాటికి సరిగ్గా వ్యతిరేకంగా చేస్తే పని సవ్యంగా జరుగుతుంది.

మైదుకూరు పసుపు (కడప)

మందు పెట్టే ముందు చేత్తో పోయినంత తీయండి. నురుగును వెచ్చచేసి, బొటనవేలి ముద్దతో ఒకే దిక్కుకు నెడుతూ పోతే, చపాతీ పిండి చేతికి అంటుకుని ఉండలు కట్టినట్టు చిన్న చిన్న ఉండలుగా రాలుతుంది. ఓపిక ఉంటే ముప్పాతిక వంతు ఇలాగే పోతుంది, ఏ మందూ అక్కరలేదు. నేను మా కారుకు పాటలు పెట్టుకుని గంటలో రెండు తలుపులు చేశాను, సాయంత్రానికి బొటనవేలు వాచింది.

మిగిలిన పలచటి జిగురుపొరకు నీలగిరి తైలం వాడాను. దూది మీద వేసి ఐదు నిమిషాలు అలాగే ఆనించి ఉంచి, తరువాత తుడవాలి. ఇల్లంతా జలుబు చేసినవాడి గదిలా వాసన వచ్చింది కానీ, పెయింటుకు ఏమీ కాలేదు. కొబ్బరినూనె కూడా పనిచేస్తుంది, అయితే గంటసేపు నానాలి.

బుగ్గవంక (కడప)

మైదుకూరు వారు చెప్పిన పద్ధతి సరైనది. ఎక్కువ పొడవు చేయవలసి వస్తే పెయింటు షాపుల్లో దొరికే టర్పెంటాయిల్ మేలు. పాతరోజుల్లో అందరం కిరోసినే వాడేవాళ్లం, ఇప్పుడు అది దొరకడమే కష్టం. ఏది వాడినా రబ్బరు బీడింగు మీద పారకుండా చూసుకోండి. ఆ బీడింగులు సాధారణంగా ఈపీడీఎం అనే రబ్బరుతో చేస్తారు. ఎండకు, వానకు అది గట్టిగా నిలబడుతుంది కానీ, పెట్రోలియం నూనెలు తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. గుడ్డను తడిపి పెట్టండి, సీసాతో పోయకండి. పని అయ్యాక సబ్బునీళ్లతో తుడిచేయండి.

డ్రిల్లుకు బిగించే రబ్బరు చక్రం ఒకటి ఉంది, స్టిక్కర్లు తీసేవారు వాడతారు. పెన్సిలు గీతను రబ్బరు చెరిపినట్టు జిగురును చెరిపేస్తుంది. డిక్కీ తలుపు లాంటి చదునైన చోట నేనూ వాడతాను, కానీ తలుపు ఫ్రేము సన్నగా వంపు తిరిగి ఉంటుంది. అక్కడ ఒకేచోట రెండు క్షణాలు నిలిపితే పెయింటు కాలుతుంది. మొదటిసారి చేసేవారికి నేను చెప్పను.

థిన్నరు విషయం మీ ఎడమ వెనక తలుపుకు సంబంధించింది, అది విడిగా రాస్తాను.

పెన్నా ఇసుక (అనంతపురం)

ఒక మాట. వైజర్లను మళ్లీ వాడుకోవాలనుకునేవారు వాటి మీద థిన్నరు గానీ, స్పిరిట్ గానీ పెట్టకూడదు. అక్రిలిక్ లోపల సాలెగూడు లాంటి సన్నటి పగుళ్లు వస్తాయి. నేను శానిటైజరుతో తుడిచి ఒకదాన్ని అలా పోగొట్టుకున్నాను.

బుగ్గవంక (కడప)

రీపెయింటు తలుపు గురించి.

రంగు రెండు రకాలుగా వేస్తారు. గట్టిపడే మందు కలిపి కొట్టే పీయూ రంగు ఒకటి. గాలికి ఆరే పాత ఎన్‌సీ రంగు రెండోది, ఖర్చు తగ్గించడానికి చిన్న షెడ్లలో దీన్ని ఇప్పటికీ కొడతారు. రెండూ ఆరాక కంటికి ఒకేలా ఉంటాయి. తెలుసుకునే ఉపాయం ఏమిటంటే, తలుపు తెరిస్తే కనపడే లోపలి అంచున, బయటికి కనపడని చోట, తెల్లగుడ్డకు ఒక చుక్క థిన్నరు అద్ది తాకించి చూడండి. గుడ్డకు ఎరుపు అంటితే అది ఎన్‌సీ రంగు, లేదా మందు సరిగా కలపని రంగు. అలాంటి తలుపు మీద థిన్నరు పెడితే జిగురు కన్నా ముందు రంగే ఊడుతుంది. ఎరుపు అంటకపోతే పీయూ రంగు అనుకోవచ్చు, అయినా థిన్నరు జోలికి పోనక్కరలేదు.

రెండో పరీక్ష పట్టుకు సంబంధించింది. రంగు వేసేముందు పాత పెయింటును సాండ్ పేపరుతో సరిగా రుద్దకపోతే కొత్త పొర పైపైనే కూర్చుని ఉంటుంది. బీడింగును కొద్దిగా పక్కకు లాగి, రంగు అంటకుండా మాస్కింగ్ టేపు వేసిన గీత దగ్గర గోటితో మెల్లగా తడిమి చూడండి. అక్కడ పొర అంచు పెచ్చులా లేస్తుంటే ఆ తలుపు నమ్మకమైనది కాదు. అలా ఉంటే వైజరును దారంతో కోయండి, అంతవరకు ఇబ్బంది లేదు. కానీ మిగిలిన నురుగును మాత్రం పైకి ఎత్తవద్దు, గీకవద్దు. ఒకవైపు నుంచి వేలితో పక్కకు, పెయింటుకు సమాంతరంగా మాత్రమే నెట్టండి. రాకపోతే నీలగిరి తైలంతో తడిపి వదిలేయండి, మరునాడు మళ్లీ చూడండి. రెండు రోజులు పట్టినా నష్టం లేదు.

హంద్రీ గట్టు (కర్నూలు)

ఆదివారం సాయంత్రం. మూడు తలుపులు పూర్తయ్యాయి. షాపులో విరిగిన ముందు వైజరు విరిగిన చోట కత్తిలా ఉంది, మా అబ్బాయికి కళ్లజోడు పెట్టి, నేను చేతికి పాత తోలు గ్లోవు వేసుకుని తీశాను. డ్రైవరు తలుపు అన్నిటికన్నా తేలిక. ఆ టేపు సగం ఎండకు పెళుసై ఉంది.

ఇక ఎడమ వెనక తలుపు. తెల్లగుడ్డకు ఎరుపు అంటింది. కొద్దిగా కాదు, కుంకుమ బొట్టులా అంటింది. పీయూ రంగు వేశామని చెప్పి, దానికి తగ్గ డబ్బు తీసుకున్నారు. ఇప్పుడు వెళ్లి అడిగినా ప్రయోజనం ఉండదు.

గోటితో తడిమితే మాస్కింగ్ గీత దగ్గర పొర కదులుతోంది. ఈ తలుపు వైజరును అలాగే ఉంచేస్తే ఎలా ఉంటుందా అని ఒక గంట ఆలోచించాను. మూడు తలుపులకు లేకుండా ఒక్క తలుపుకు ఉంటే, ఒంటి చెవి కమ్మలా కనపడుతోంది.

మైదుకూరు పసుపు (కడప)

ఎలాగూ ఆ తలుపుకు ఏదో ఒక రోజు మళ్లీ రంగు వేయించక తప్పదు. తీయండి. పోతే చిన్న పెచ్చు పోతుంది.

తాడిపత్రి బండ (అనంతపురం)

నేను ఒప్పుకోను. మళ్లీ రంగు వేయించేటప్పుడు వాళ్లే తీస్తారు కదా. అప్పటిదాకా దాన్ని కదిలించకపోవడమే మంచిది. ఈల వేసింది ఆ వైజరు కాదు.

బుగ్గవంక (కడప)

ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. నా దగ్గరికి ఈ కారు వస్తే నేను తీస్తాను. ఎందుకంటే వైజరు పై అంచున మట్టి చేరి తడి నిలుస్తుంది. పట్టులేని పొర కిందికి ఆ తడి దిగితే, రేపు పెచ్చుతో పోయేది ఎల్లుండి తుప్పు దాకా వెళుతుంది. అయితే దారం తప్ప వేడి వద్దు. ఎన్‌సీ రంగు వేడికి తొందరగా మెత్తబడుతుంది. ఉదయాన్నే, చల్లటి పూట చేయండి. నురుగు గట్టిగా ఉంటుంది, కోయడానికి రెట్టింపు సేపు పడుతుంది, కానీ రంగు కూడా గట్టిగా ఉంటుంది.

హంద్రీ గట్టు (కర్నూలు)

నాలుగు రోజుల తరువాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించాలి.

బుగ్గవంక గారి మాట ప్రకారం ఉదయం ఐదున్నరకు మొదలుపెట్టాము. వేడి లేకుండా దారం ఎనిమిది సార్లు తెగింది. దారానికి కొద్దిగా సబ్బునీళ్లు రాస్తే బాగా జారుతుందని మధ్యలో తట్టింది, అప్పటినుంచి తెగలేదు. గంటా పది నిమిషాలకు వైజరు వచ్చింది, రంగు కదలలేదు. ఆ సంతోషంలో తప్పు చేశాను. మిగిలిన నురుగు వెనక కొస దగ్గర దానంతట అదే లేచి ఉండడం చూసి, చిటికెలో పట్టుకుని పైకి లాగాను. మిరియపు గింజంత పెచ్చు దానితో వచ్చేసింది. కింద లప్పం తెల్లగా కనపడింది. మా అబ్బాయి ఏమీ అనలేదు, నావైపు చూశాడంతే.

మిగతా నురుగునంతా మూడు రోజుల పాటు, పూటకు అరగంట చొప్పున, నీలగిరి తైలం ముందు లోపలి అంచున తాకించి రంగు అంటడం లేదని చూసుకుని, వేలితో పక్కకు నెట్టి తీశాను. మరెక్కడా పోలేదు. పెచ్చు పోయిన చోటికి కారు ప్లేటు మీద ఉన్న కలరు కోడ్ చెప్పి చిన్న టచప్ సీసా తెప్పించి, అగ్గిపుల్ల కొసతో రెండు చుక్కలు పెట్టాను. దగ్గరికి వెళ్లి చూస్తే తెలుస్తుంది, అడుగు దూరం నుంచి తెలియదు.

ఇంకొక సమస్య మిగిలింది. కంపెనీ రంగు ఉన్న మూడు తలుపుల మీదా, టేపు ఉన్న చోట వేలెడు వెడల్పున ముదురు ఎరుపు గీత కనపడుతోంది. చుట్టూ ఉన్న ఎరుపు ఎండకు వెలిసిపోయింది, టేపు కింద ఉన్నది మాత్రం 2015లో ఉన్నట్టే ఉంది. కారు ఎంత వెలిసిందో ఈ గీత చూశాకే తెలిసింది.

బుగ్గవంక (కడప)

అది మరక కాదు కాబట్టి తుడిస్తే పోదు. వెలిసిన భాగాన్ని కాంపౌండుతో (పెయింటును రుద్ది మెరుగుపెట్టే ముద్ద) రుద్ది ఆ గీతకు దగ్గరగా తేవాలి, గీతను రుద్దడం కాదు. నీడలో, తలుపు చల్లగా ఉన్నప్పుడు, చేత్తోనే, మెత్తటి స్పాంజికి బఠానీ గింజంత కాంపౌండు పెట్టుకుని చేయండి. ఎరుపు వెలిసినంతగా ఇంకే రంగూ వెలవదు, పూర్తిగా కలిసిపోతుందని మాట ఇవ్వను. సగానికి పైగా తేడా పోతుంది, మిగిలింది రెండు మూడు వేసవుల్లో ఎండే సరిచేస్తుంది. రీపెయింటు తలుపు మీద మాత్రం కాంపౌండు వద్దు.

నల్లరేగడి (కర్నూలు)

ఆ గీత కనపడకుండా కొత్త వైజర్లు పెట్టించుకుంటే పోలేదా?

గుత్తి కోట (అనంతపురం)

ఈసారి నల్లరేగడి గారి మాటను కొట్టిపారేయలేకపోతున్నాను.

పెన్నా ఇసుక (అనంతపురం)

ఎవరైనా నిజంగానే కొత్తవి పెట్టించుకునేటట్లయితే, అతికించే చోటును స్పిరిట్‌తో తుడిచి, ఆరాక, తగినంత వెచ్చగా ఉన్నప్పుడు అతికించి గట్టిగా నొక్కమని చెప్పండి. ఈ రకం టేపు అతికించిన 20 నిమిషాలకు సుమారు సగం బలమే పుంజుకుంటుంది, పూర్తి బలానికి 72 గంటలు కావాలి. చాలా చోట్ల అతికించిన గంటకే వాటర్ సర్వీసింగ్ చేసి పంపిస్తారు. రెండేళ్లకు కొసలు లేవడానికి అది కూడా ఒక కారణం.

హంద్రీ గట్టు (కర్నూలు)

కొత్తవి పెట్టించుకోవడం లేదు. నిన్న కాంపౌండు పట్టించాను, గీత ఉంది కానీ వెతికితేనే కనపడుతోంది. ఈ ఉదయం డోన్ వెళ్లి వచ్చాము. 100 దాటినా ఈల లేదు, ఇప్పుడు వెనక కుడి చక్రం చప్పుడు వినపడుతోంది. అది బేరింగు అనుకుంటాను, దానికి వేరే చర్చ మొదలుపెడతాను.

మిగిలిన గాలం దారం ఉండను మా అబ్బాయి తుంగభద్రకు పట్టుకుపోయాడు.